పెట్టుబడి చీరల వెనక ఈత

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. మా అమ్మాయి ఇంగ్లీషులో అంటుంది, మా ఆయన తెలుగులో అంటాడు, అంతే తేడా. ఆ కోపమే నన్ను ఒక వసంతకాలమంతా కెనడాలో, మిస్సిసాగా ఊళ్ళో, ఈతకొలను అద్దాలకు చీరలు కట్టే పనిలో పడేసింది. అది తలచుకుంటే ఇప్పటికీ నాలో నేనే నవ్వుకుంటాను. మొన్న 401 హైవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని అలాగే నవ్వుతుంటే, పక్క కారాయన తన కారు అద్దం పైకెత్తేసుకున్నాడు.

మా అమ్మాయి అప్పుడు ఏడో క్లాసు. వాళ్ళ స్కూలుకీ పక్కనున్న కమ్యూనిటీ సెంటర్‌కీ మధ్య ఒకటే గోడ. అందుకని మంచు కరగడం మొదలవగానే ఏడో క్లాసు పిల్లలకు వారానికొకసారి అక్కడి కొలనులో ఈత నేర్పిస్తారు. జూన్‌లో సరస్సు దగ్గరికి క్యాంపుకి తీసుకెళతారు. ఈత పరీక్ష పాసైనవాళ్ళకే పడవ. పాసు కానివాళ్ళు ఒడ్డున కూర్చుని దోమలు తోలుకోవాలి. ఆ పడవ కోసం పిల్లలు పడే ఆరాటం చూస్తే, అందులో ఎక్కించుకుని ఎక్కడికో స్వర్గానికి తీసుకెళతారేమో అనిపించేది.

నేను ఆ ఏడు తల్లిదండ్రుల స్కూల్ కౌన్సిల్‌లో ఉన్నాను. ఒక మీటింగ్‌లో ప్రిన్సిపాల్ లేచి, ఒక కుటుంబం నుంచి విన్నపం వచ్చిందని చెప్పింది. తమ మతవిశ్వాసం ప్రకారం ఎదిగిన ఆడపిల్ల మగపిల్లలతో కలిసి కొలనులో దిగకూడదట. ఆడపిల్లలకు విడిగా ఒక గంట ఇవ్వగలమా అని అడిగారట. ఆ కుటుంబం ఎవరో ఆవిడ చెప్పలేదు. నేను అడగనూ లేదు. వినగానే నాకు ఒళ్ళు మండింది.

ఎందుకు మండిందో చెప్పాలి. నేను ఇంటర్ చదివింది విజయవాడలో ఒక పెద్ద కార్పొరేట్ కాలేజీలో. అక్కడ మగపిల్లలకో మెట్ల దారి, ఆడపిల్లలకో మెట్ల దారి. ఎదురుపడితే చాలు ఫైను. మా పెద్దమ్మ కొడుకు కూడా అదే కాలేజీ. ఇంటి నుంచి వచ్చిన జంతికలు వాడికి ఇవ్వబోతే వార్డెన్ ఇద్దర్నీ పట్టుకుంది. వాడు నాకు అన్న అవుతాడని నిరూపించడానికి మా పెదనాన్న రెండిళ్ళ రేషన్ కార్డులూ చంకన పెట్టుకుని బస్సెక్కి రావాల్సి వచ్చింది. అంతా అయ్యాక జంతికలు వార్డెనే తినేసింది. ఆ వేరుపాటు ఏ దేవుడూ చెప్పింది కాదు. ర్యాంకు అనే మతం ఒకటుంది మా వైపు, అది చెప్పింది.

ఇదంతా మీటింగ్‌లో ఇంగ్లీషులో చెప్పాను. జంతికల్ని ఇంగ్లీషులో చెప్పడం కుదరక కాస్త తడబడ్డాను గానీ, మిగతాదంతా దంచేశాను. అందరికీ ఒకటే మెట్లు ఉంటాయనే ఈ దేశం వచ్చానన్నాను. ఇద్దరు ముగ్గురు చప్పట్లు కూడా కొట్టారు. ప్రిన్సిపాల్ చిరునవ్వు చెదరకుండా "థాంక్యూ ఫర్ షేరింగ్" అంది. ఈ దేశంలో ఆ మాటకు ఇక కూర్చోమని అర్థం.

విజయగర్వంతో ఇంటికొచ్చి చెబితే మా అమ్మాయి తింటున్న చపాతీ పక్కన పెట్టేసింది.

"అమ్మా, డూ యూ ఈవెన్ నో హూ దట్ వాజ్?"

తెలిసింది. శనివారం శనివారం మా ఇంటికొచ్చి, నేను చేసే పులిహోరలో పల్లీలన్నీ ఏరుకు తినే పిల్ల. మా అమ్మాయికి ప్రాణస్నేహితురాలు. వాళ్ళది వరంగల్. ఆ పిల్ల తల మీద స్కార్ఫ్ నేను రోజూ చూస్తూనే ఉన్నాను. మీటింగ్‌లో ఆ పిల్ల మొహం నాకు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. కోపం వచ్చినప్పుడు నాకు మనుషులు కనిపించరు, మెట్లే కనిపిస్తాయి.

మర్నాడు పొద్దున పిల్లల్ని దింపే చోట ఆ పిల్ల తండ్రి నా కారు దగ్గరికొచ్చాడు. ఆయన రాత్రంతా ట్రక్కు తోలి, పక్క ఊళ్ళో గోడౌన్ నుంచి నేరుగా వచ్చి కూతుర్ని దింపుతాడు. వాళ్ళావిడది ముసలివాళ్ళుండే నర్సింగ్ హోంలో పగటి షిఫ్టు. నాకంటే పెద్దవాడే అయినా నన్ను అక్కా అంటాడు. ఆడవాళ్ళతో మాట్లాడేటప్పుడు మొహంలోకి చూడడు. నాతో ఎప్పుడు మాట్లాడినా నా కారు టైరుతో మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

"నిన్న మీటింగ్ల మంచిగ మాట్లాడిన్రంట గదక్కా," అన్నాడు టైరుతో.

"భాయ్, అది మీ అమ్మాయి సంగతని నాకు తెలీదండీ..."

"గట్ల కాదక్కా. మీరన్నదాంట్ల తప్పేం లేదు. మీ బిడ్డ అందరితోని ఈత కొట్టనీ, నేనెందుకు అడ్డమొస్త? నా బిడ్డకు ఒక్క గంట అడిగిన. ఇస్తే నేర్చుకుంటది, లేకుంటే లైబ్రరీల కూసుంటది. పోయినేడు జిమ్‌ల డాన్సు నేర్పిన్రు, అప్పుడు గూడ లైబ్రరీలనే కూసుంది."

"మరి ఆ పడవ?"

ఆయన టైరును కాలితో తట్టాడు. "రోజు పడవ ముచ్చటనే అక్కా ఇంట్ల. పడవల బట్టలుంటయ్, జాకెట్ ఉంటది, నేనొద్దంటలేను. గని ఈత రాకుంటే ఎక్కనియ్యరు గద."

అంతే చెప్పి వెళ్ళిపోయాడు. నేను స్టీరింగ్ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. వెనక కార్లు హారన్లు కొడుతున్నా కదల్లేదు. మా కాలేజీలో రెండో మెట్లు మమ్మల్ని ఆపడానికి కట్టారు. ఈ పిల్లకు రెండో మెట్లు లేకపోతే అసలు పైకి రావడమే లేదు. ఆయన పద్ధతి నాకు నచ్చిందని కాదు. ఇప్పటికీ నచ్చదు. కానీ నా ఉపన్యాసం గెలిస్తే లైబ్రరీలో కూర్చునేది నేను కాదు కదా.

కారు అడ్డంగా ఆపి స్కూల్లోకి దూసుకెళ్ళాను. నిన్నటి కోపమే, మొహం మాత్రం అటు నుంచి ఇటు తిరిగింది. ఆ గంట ఇచ్చి తీరాలని ప్రిన్సిపాల్ బల్ల మీద కొట్టి మరీ చెప్పాను. ఆవిడ చిరునవ్వు అప్పుడు కూడా చెదరలేదు. అందరూ కలిసి నేర్చుకునే గంట ఎలాగూ ఉంటుందట. దానికి ముందు, కావాలన్న ఆడపిల్లలకు ఇంకో గంట ఇవ్వడానికి కొలనువాళ్ళు ఒప్పుకున్నారట. నేర్పడానికి ఒక అమ్మాయి కూడా ఉందట. చిక్కల్లా అద్దాలతోనే. కొలనుకీ వసారాకీ మధ్య నిలువెత్తు అద్దాల గోడ ఉంది. తల్లిదండ్రులు కూర్చుని చూసుకోవడానికి కట్టింది. దానికి బ్లైండ్స్ తెరలు ఆర్డర్ పెట్టారు, అవి వేసవి దాటాక గానీ రావు. కాగితాలు అతికిస్తే ఆవిరికి గంటలో ఊడి పడిపోతున్నాయి.

"నాకు వదిలేయండి," అన్నాను.

ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల," అని తన గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. నేను మన ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టాను. పెద్ద అద్దాలకు కట్టాలి, పాత చీరలుంటే ఇవ్వండి అని.

తెలుగు ఆడదాన్ని పాత చీర ఇవ్వమని అడగకూడదు. పాత చీరంటే మెత్తబడిన చీర, ప్రాణం లాంటి చీర. దాన్నెవరిస్తారు? అందరూ తెచ్చిచ్చినవి పెట్టుబడి చీరలు. గృహప్రవేశాలకీ బారసాలలకీ బొట్టు పెట్టి చేతిలో పెడతారే, అవి. వాటినెవరూ కట్టరు. మడత విప్పకుండా బీరువాలో దాచి, ఇంకొకరి బారసాలకు పెడతారు. అలా అవి ఇండియా నుంచి సూట్‌కేసుల్లో వచ్చి, కెనడాలో ఇంటింటికీ తిరుగుతూ ఉంటాయి, ఒక్కసారి కూడా ఒంటి మీదికెక్కకుండా. మా కాలనీలో ఉండే రిటైరైన డాక్టర్ ఆంటీ ఏకంగా ఒక పెద్ద సంచీడు తెచ్చారు.

"అమ్మాయ్, వీటిలో నేను కట్టింది ఒక్కటీ లేదు. నాకు పెట్టినవాళ్ళూ కట్టి ఉండరులే," అన్నారు.

ఆ సంచీలో చిలకపచ్చ చీర ఒకటి చూడగానే గుర్తుపట్టాను. మా గృహప్రవేశానికి నేను పెట్టిందే. నేను పెట్టింది ఆంటీకి కాదు, పక్క ఊరు బ్రాంప్టన్‌లో ఇంకొకావిడకి. ఆంటీ నా మొహం చూసి ఫక్కున నవ్వారు. నాకు కోపం రావాల్సింది గానీ, ఆ చీర నాకొచ్చింది మా ఆడపడుచు సీమంతంలో. అందుకని నేనూ నవ్వేశాను.

ఆదివారం కొలను మూసి ఉన్నప్పుడు నేనూ ఆంటీ వెళ్ళి వసారా వైపు నుంచి కట్టాం. పిన్నీసులు పెట్టడంలో మమ్మల్ని మించినవాళ్ళు ఒంటారియోలో ఉండరు. పైన తాడు కట్టి కుచ్చిళ్ళు పోసి అంచులు కిందికి వచ్చేలా వేలాడదీస్తే, అద్దాల గోడంతా పెళ్ళిపందిరి అయిపోయింది. ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, వంగి, ఎగిరి, అన్ని రకాలుగా చూశాను. లోపలిదేమీ కనిపించలేదు. వెంటనే ఆ పిల్ల తండ్రికి ఫోన్ చేశాను.

"భాయ్, ఈగ కూడా చూడలేదు. నాదీ పూచీ."

"మీరు చెప్పిన్రు గద, పంపిస్త. గని ఒక్కపారి నేనొచ్చి చూస్కుంట అక్కా. సరిగ్గ లేకుంటే మాత్రం ఏమనుకోవద్దు, తీస్కపోత," అన్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. మా అమ్మాయి, దాని స్నేహితురాలు, ఇంకొందరు ఆడపిల్లలు కేరింతలు కొడుతూ లోపలికెళ్ళారు. తర్వాతి గంటకు వెళ్ళాల్సిన పిల్లలు, ఎక్కువగా మగపిల్లలే, వసారాలో బెంచీల మీద కూర్చున్నారు. రాత్రి డ్యూటీ దిగి, టిఫిన్ బాక్సు చేతిలోనే పట్టుకుని ఆ పిల్ల తండ్రి వచ్చాడు. నేనూ ఆంటీ చీరల ముందు నిలబడి, పెళ్ళివారిని ఆహ్వానించినట్టు రండి రండి అన్నాం.

అప్పుడు లోపల కొలను లైట్లు వేశారు.

మేం కట్టిన రోజు ఆ లైట్లు వేసి లేవు. పెట్టుబడి చీరలెంత పలచగా ఉంటాయో మాకు గుర్తూ లేదు, ఎప్పుడైనా కడితే కదా! లైట్లు వెలగగానే అద్దాల గోడంతా ఒక్కసారిగా తోలుబొమ్మలాట తెర అయిపోయింది. చిలకపచ్చ చీర మీద ఒక పిల్ల నీడ రెండు చేతులూ పైకెత్తి గెంతింది. నారింజ రంగు చీర మీద ఇంకొకతె జడ విదిలించింది. పొడుగాటి కర్ర పట్టుకుని గట్టు మీద నడుస్తున్న టీచరు నీడ పైకప్పు దాకా పెరిగి, గద పట్టుకున్న భీముడిలా జరీ అంచుల మీద సాగిపోయింది. బెంచీల మీది పిల్లలు ఒక్క క్షణం నోళ్ళు తెరిచి, ఆ తర్వాత ఈలలు, చప్పట్లు. "బెస్ట్ స్కూల్ ఎవర్!" అని ఎవడో అరిచాడు.

ఆంటీ "ఓరి నాయనో" అని కొంగు నోట్లో కుక్కుకున్నారు. నవ్వాపుకోవడానికని నాకు తెలుసు. నేను మాత్రం ఆ పిల్ల తండ్రి వైపే చూస్తున్నాను. లోపల తలుపు తట్టి కూతుర్ని బయటికి పిలవడం ఒక్కటే తరువాయి. పడవ నా కళ్ళ ముందే మునిగిపోతోంది. ఆ పాపం నాది, నా పిన్నీసులది.

ఆయన చీరల వంక ఒక్కసారే చూశాడు. చటుక్కున వెనక్కి తిరిగి, తెరకు వీపు ఆనించి, చేతులు బార్లా చాపి పిల్లల ముందు నిలబడ్డాడు.

"చలో చలో! గో టు క్లాస్!"

"సర్, దిస్ ఈజ్ అవర్ క్లాస్," అన్నాడు ఒక పిల్లాడు అమాయకంగా.

ఆయన అటూ ఇటూ చూశాడు. ఎదుటి గోడకు చిప్స్ అమ్మే మిషన్ ఉంది. "దెన్ లుక్ ఎట్ చిప్స్!" అని గర్జించాడు. పిల్లలంతా కిక్కురుమనకుండా లేచి వరసగా మిషన్ వైపు తిరిగి నిలబడ్డారు. ఇక ఆంటీ ఆగలేకపోయారు. ఆవిడ నవ్వుతో నాకూ వచ్చేసింది. ఏడవాల్సిన సమయంలో ఇద్దరం గోడ పట్టుకుని నవ్వుతున్నాం.

"సారీ భాయ్," అన్నాను ఊపిరి తీసుకుని. "అమ్మాయిని పిలవనా?"

"ఒద్దక్కా," అన్నాడు ఆయన, నేల వంక చూస్తూ. "నీళ్ళల్ల దిగింది గద. ఇప్పుడు గుంజుకొస్తే మల్ల దిగదు. గంట సేపు నేనీడ నిలబడ్త." బొటనవేలితో వెనక్కి చూపించాడు. "గని గివేం చీరలక్కా, దోమతెరలున్నట్టున్నయ్. మా ఇంట్ల సోలాపూర్ దుప్పట్లున్నయ్, సాయంత్రం తెస్త."

రాత్రంతా ట్రక్కు తోలినవాడు ఆ గంటసేపూ అలాగే నిలబడ్డాడు, మగపిల్లలకు కాపలాగా. అప్పటికి నేను ఆయన మీద పెంచుకున్న కోపం ఏమైనా మిగిలి ఉంటే, అది అక్కడే ఆవిరైపోయింది.

దుప్పట్లు వచ్చాయి. నెమళ్ళవీ ఏనుగులవీ, ఎంత మందమంటే వాటి వెనక సూర్యుణ్ణి పెట్టినా కనిపించడు. ఆ తర్వాత వారాల్లో నా సిద్ధాంతానికి జరిగిన అవమానం చెప్పుకుంటే సిగ్గుచేటు. అందరి గంటలో ఉన్న ఆడపిల్లల్లో సగం మంది ఎవరూ చెప్పకుండానే ఈ గంటలోకి మారిపోయారు. మిగతా సగం అక్కడే ఉన్నారు. మధ్యలో ఒకసారి మా అమ్మాయిని అందరి గంటకు మారమని నేనే పోరాను. మగపిల్లలతో కలిసి నేర్చుకుంటే ధైర్యం వస్తుందన్నాను.

"అమ్మా, దే జస్ట్ స్ప్లాష్. ఇట్స్ జస్ట్ స్విమ్మింగ్," అంది ఫోన్ మీంచి తలెత్తకుండా. నేను మెట్ల కథ మొదలుపెట్టేలోగా హెడ్‌ఫోన్స్ పెట్టేసుకుంది.

పరీక్ష రోజు నేను ముందే వెళ్ళాను. ఆయన అప్పటికే వసారాలో ఉన్నాడు. దుప్పట్ల వెనక ఇప్పుడేమీ కనిపించకపోయినా, పద్ధతి పద్ధతే, వీపు అటే పెట్టాడు. లోపల ఇంకొకరి ఆడపిల్లలున్నారు కదా. పరీక్షలో లోతు వైపు దూకాలి, ఒక నిమిషం కాళ్ళూ చేతులూ ఆడిస్తూ నీళ్ళలో నిలబడాలి, ఆ తర్వాత అవతలి గట్టుకు ఈదాలి. నేను రెండు దుప్పట్ల మధ్య సందు చేసుకుని, లోపలికి కన్ను పెట్టాను. మొదట మా అమ్మాయి దూకి, పాసై, తువ్వాలు కప్పుకుని గట్టు మీద కూర్చుంది. తర్వాత వంతు దాని స్నేహితురాలిదే.

"దునికిందా అక్కా?"

"ఇంకా లేదు. గట్టు మీద నిలబడింది."

"భయపడుతున్నదా?"

"ముక్కు మూసుకుంది."

"ముక్కు మూసుకోవద్దని చెప్పిన గద!"

"భాయ్, నన్ను చూడనివ్వండి!"

దూకింది. చెబితే, ఆయన వెంటనే "తేలిందా?" అన్నాడు. తేలలేదు. నీళ్ళు మూసుకుపోయాయి. టీచరు కర్ర ముందుకు చాపింది. "తేలిందా అక్కా?" అన్నాడు మళ్ళీ. నాలుక చివరిదాకా వచ్చింది, తెర కట్టించుకున్నది నువ్వే కదా, అనుభవించు అనాలని. తిరిగి ఆయన్ని చూశాను. చేతిలోని టిఫిన్ బాక్సులో స్పూను టకటకమంటోంది. అయినా తల తిప్పలేదు. నేను నోరు మూసుకుని మళ్ళీ సందులోకి కన్ను పెట్టాను.

"తేలింది!" అని అరిచాను. "తేలింది భాయ్! దగ్గుతోంది. కర్ర పట్టుకోలేదు. వద్దని చెయ్యి ఊపింది! నిలబడింది, నీళ్ళలో నిలబడింది. గడ్డం పైకెత్తింది. ఇంకా ఉంది. ఇంకా ఉంది. అయిపోయింది నిమిషం! ఈదుతోంది. కొంచెం వంకరగా పోతోంది గానీ, పోతోంది. వచ్చేసింది, వచ్చేసింది... గట్టు ముట్టుకుంది!"

ఆయన అలాగే గోడకు జారి నేల మీద కూర్చుండిపోయాడు. మోచేత్తో మొహం తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను. నాకెందుకు ఏడుపొచ్చిందో, ఎందుకంత నవ్వొచ్చిందో నాకే తెలీదు. రెండూ కలిసి వచ్చాయి.

"ఎట్ల కొట్టిందక్కా?" అన్నాడు నేల మీంచే. "చేతులెట్ల ఆడిచ్చింది?"

నేను చూపించాను. వసారా మధ్యలో నిలబడి, గడ్డం పైకెత్తి, చేతులు అటూ ఇటూ తోస్తూ, కాళ్ళు ఎగరేస్తూ. ఆయన లేచి, టిఫిన్ బాక్సు నేల మీద పెట్టి, నన్ను చూసి అలాగే చేశాడు. ఇద్దరం గాలిలో ఈదుతుంటే ప్రిన్సిపాల్ అటుగా వచ్చింది. ఆవిడ చిరునవ్వు మొట్టమొదటిసారి చెదిరింది. ఏమీ అడక్కుండా వెనక్కి వెళ్ళిపోయింది.

తలుపు తెరుచుకుని ఆ పిల్ల బయటికొచ్చింది. స్కార్ఫ్ అంచుల నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. మమ్మల్ని చూసి ఆగిపోయింది.

"అబ్బూ, నో," అంది వాళ్ళ నాన్నతో. "దట్స్ డ్రౌనింగ్."

బ్యాగు నా చేతిలో పెట్టి, వసారా ఈ చివర నిలబడింది. ముక్కు మూసుకోకుండా ఒక గెంతు గెంతింది. ఒక నిమిషం పాటు చేతులాడిస్తూ నిలబడింది. ఆ తర్వాత నడుం వంచి, ఒక్కో చెయ్యే వేస్తూ, తల పక్కకు తిప్పి ఊపిరి తీసుకుంటూ, ఆ చివర తలుపు వైపు ఈదుకుంటూ వెళ్ళింది, మధ్యలో కాస్త వంకరగా. ఆయన గోడ వారగా, గట్టు మీద నడిచినట్టు, పక్కనే నడిచాడు. కళ్ళు కూతురి మీంచి తిప్పలేదు. ఆ పిల్ల చెయ్యి చాపి తలుపు ముట్టుకుని, ఆయాసపడుతూ వెనక్కి చూసింది.

"ఇంకొక్కపారి కొట్టు బిడ్డా," అన్నాడు.

ఆ పిల్ల మళ్ళీ ఇటు తిరిగి ఈదడం మొదలుపెట్టింది.